మెకానిక్స్ పేపరు దిద్దేటప్పుడు



ఫిబ్రవరి, మార్చి నెలలొచ్చాయంటే ప్లస్ టూ చదివే పిల్లలున్న ఇళ్లలో టీవీ చప్పుడు వినిపించదు. మన బరంపురంలో, ఛత్రపురంలో, భంజనగర్‌లో ఇదే వరస. ఆంధ్ర సరిహద్దుకు అవతల ఇచ్ఛాపురం, సోంపేటల్లో ఇంటర్మీడియట్ పిల్లల ఇళ్లలోనూ అంతే. పరీక్షలు అయిపోయాక జవాబు పత్రాలు కట్టలు కట్టలుగా వేల్యుయేషన్ కేంద్రాలకు వెళ్తాయి. అక్కడ ఎర్ర సిరా కలం పట్టుకొని కూర్చున్న మాస్టారు ఏం చూస్తారో, దేనికి మార్కు వేస్తారో, దేనికి కోస్తారో పిల్లలకూ తెలియదు, వాళ్ల అమ్మానాన్నలకూ తెలియదు. ఆ పని చాలా ఏళ్లు చేసిన లెక్కల మాస్టారిగా ఈ పూట ఆ సంగతి మీతో మాట్లాడాలని వచ్చాను. అందులోనూ మెకానిక్స్ గురించి. అంటే బలాలు, ఘర్షణ, తాడు బిగువు, వేగం, త్వరణం వచ్చే లెక్కల గురించి.

నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. మెకానిక్స్ లెక్కలో పిల్లల తెలివి కనబడేది వాళ్లు గీసిన బొమ్మలో, ఆ బొమ్మ చూసి రాసిన మొదటి రెండు సమీకరణాల్లో. ఆ తరువాతదంతా గుణకారాలూ కూడికలూ. కాబట్టి మార్కుల్లో పెద్ద భాగం ఆ బొమ్మకూ ఆ సమీకరణాలకూ దక్కాలి. దిద్దేవాళ్లు ఆ పంక్తులు ఓపికగా చదవాలి. రాసేవాళ్లు వాటిని దాచుకోకుండా కాగితం మీద పెట్టాలి.

మాట గాలిలో పోకుండా ఒక లెక్క తీసుకుందాం. గోపాల్‌పూర్ తెలియని గంజాం వాళ్లు లేరు. అక్కడ మన తెలుగు మత్స్యకారులు వేట నుంచి వచ్చిన పడవకు తాడు కట్టి, ఇసుక ఒడ్డు మీదికి లాగడం అందరం చూసినదే. దాన్నే పరీక్ష ప్రశ్నగా రాద్దాం. పడవ ద్రవ్యరాశి 150 కిలోలు. ఒడ్డు ఏటవాలుగా ఉంది. ఆ వాలు కోణానికి సైన్ విలువ 0.28, కాస్ విలువ 0.96. ఇసుకకూ పడవకూ మధ్య ఘర్షణ గుణకం 0.25. తాడు వాలు వెంబడే ఉంది. పడవ ఒకే వేగంతో పైకి కదులుతోంది. గురుత్వ త్వరణం 9.8 తీసుకొని తాడులో బిగువు ఎంతో చెప్పాలి.

సరిగ్గా చేసే పిల్ల ఏం చేస్తుంది? ముందు పడవ స్థానంలో ఒక చుక్క పెట్టి నాలుగు బాణాలు గీస్తుంది. బరువు నిలువుగా కిందికి. ఇసుక ఇచ్చే నార్మల్ రియాక్షన్ వాలుకు లంబంగా. తాడు బిగువు వాలు వెంబడి పైకి. ఘర్షణ వాలు వెంబడి కిందికి, ఎందుకంటే పడవ పైకి పోతోంది. బరువు 1,470 న్యూటన్లు. దాన్ని రెండుగా విడదీస్తే వాలుకు లంబంగా 1,411, వాలు వెంబడి 412 వస్తాయి, దగ్గరి అంకెకు. ఘర్షణ 353. బిగువు ఈ 412కూ 353కూ మొత్తం, అంటే సుమారు 764 న్యూటన్లు. నిలువునా ఎత్తాలంటే 1,470 కావలసిన చోట వాలు మీద లాగితే 764తో పని జరిగిపోతోంది. 

ఇప్పుడు కట్టలోంచి మరో నాలుగు పత్రాలు తీద్దాం. ఇవి నేను కల్పించినవే కానీ, ఇలాంటి పొరపాట్లు దిద్దిన ప్రతి మాస్టారికీ కంఠతా వచ్చు. మొదటి పత్రంలో సైన్ ఉండవలసిన చోట కాస్, కాస్ ఉండవలసిన చోట సైన్ పడ్డాయి. జవాబు 1,514. రెండో పత్రంలో ఘర్షణ బాణం పైకి ఉంది. జవాబు 58.8. మూడో పత్రంలో 9.8తో గుణించడం మరిచిపోయారు. జవాబు 78. నాలుగో పత్రంలో వాలు వెంబడి సమీకరణంలో బరువును విడదీయలేదు. 1,470కి ఘర్షణ కలిపేసి 1,823 అని రాశారు. నాలుగూ తప్పు జవాబులే. చివరి అంకె మాత్రమే చూసేవాళ్లకు నాలుగింటికీ సున్నాయే. కానీ ఈ నలుగురు పిల్లలూ ఒక్కలాంటివాళ్లేనా?

కాదు. మొదటి ముగ్గురికీ ఏ బలాలు ఉన్నాయో తెలుసు. ఒకే వేగంతో కదిలే వస్తువు మీద బలాల మొత్తం సున్నా అని తెలుసు. ఏ దిశలో సమీకరణం రాయాలో తెలుసు. నడకలో కాలు జారింది. నాలుగో పిల్లవాడికి మాత్రం నిలువుగా ఉన్న బలాన్ని వాలు వెంబడి సమీకరణంలోకి అలాగే దించకూడదన్న మూల విషయమే పట్టుబడలేదు. అతనికి కావలసింది మళ్లీ పాఠం. మిగతా ముగ్గురికీ కావలసింది జాగ్రత్త. ఈ తేడా మార్కుల్లో కనబడకపోతే పరీక్ష పెట్టిన ప్రయోజనమే నెరవేరదు.

ఈ తేడాను మార్కుల్లోకి తెచ్చే పద్ధతి ఇంగ్లండులో బాగా స్థిరపడింది. అక్కడ ఏ లెవెల్ అనే పరీక్ష మన ప్లస్ టూకు సాటి. అందులో మెకానిక్స్ ఇప్పటికీ లెక్కల పేపర్లోనే ఉంది. కేంబ్రిడ్జి వారు మన దేశంలోనూ కొన్ని బడుల్లో నడిపే ఏ లెవెల్లో మెకానిక్స్‌కు విడిగా గంటంపావు పేపరు, 50 మార్కులకు. ఆ పరీక్షల్లో మార్కులు మూడు రకాలు. పద్ధతికి ఇచ్చేవి ఎం మార్కులు. ఆ పద్ధతిలో తప్పు లేకుండా రాసినందుకు ఇచ్చేవి ఏ మార్కులు. పద్ధతితో సంబంధం లేకుండా ఒక మాటో సూత్రమో సరిగ్గా చెప్పినందుకు ఇచ్చేవి బి మార్కులు. పద్ధతి మార్కు రాకపోతే దానిమీద ఆధారపడిన ఏ మార్కు రాదు. కానీ అంకెల్లో తప్పు జరిగిందని పద్ధతి మార్కు పోదు.

మెకానిక్స్‌కు అక్కడి ఎడెక్సెల్ బోర్డు పరీక్షకులకు ఇచ్చే నియమాలు చదివితే, ఎంత ఆలోచించి రాశారో తెలుస్తుంది. పద్ధతి మార్కు రావాలంటే సమీకరణంలో ఉండవలసిన పదాలన్నీ ఉండాలి. ప్రమాణాలు పొసగాలి. విడదీయవలసిన బలాలన్నీ విడదీసి ఉండాలి. సైన్, కాస్ తారుమారైతే అది ఖచ్చితత్వంలో తప్పు, పద్ధతిలో తప్పు కాదు. గుర్తు తప్పయినా అంతే. 9.8 విడిచిపెట్టినా అంతే. కానీ ద్రవ్యరాశినే విడిచిపెడితే అది పద్ధతిలోనే తప్పు. బల భ్రామకాల సమీకరణంలో దూరం విడిచిపెడితే అదీ పద్ధతి తప్పే. ఎందుకంటే అప్పుడు న్యూటన్లకు న్యూటన్ మీటర్లు కలిపినట్టవుతుంది, ఆ సమీకరణానికి అర్థమే ఉండదు.

ఇంకో నియమం చూడండి. 9.8 అన్నదే రెండంకెల ఖచ్చితత్వంతో తీసుకున్న విలువ. కాబట్టి దానితో వచ్చిన జవాబును రెండు లేదా మూడు సార్థక అంకెలకు రాయాలి. మన పడవ లెక్కలో 760 అన్నా 764 అన్నా ఒప్పు. కాలిక్యులేటర్ చూపించింది కదా అని 764.4 అని రాస్తే ఒక మార్కు తగ్గుతుంది, అదీ ఆ ప్రశ్న మొత్తానికి ఒక్కసారే. కొలతలో ఎంత నమ్మకం ఉందో అంతే చెప్పాలన్న పాఠాన్ని ఒక్క మార్కుతో నేర్పుతున్నారు. అదే తప్పుకు పదేపదే శిక్ష వేయడం లేదు.

మన పడవ ప్రశ్నకు ఏడు మార్కులు అనుకొని ఇదే తీరులో పంచి చూద్దాం. వాలుకు లంబ దిశలో సమీకరణానికి పద్ధతి ఒకటి, ఖచ్చితత్వం ఒకటి. ఘర్షణ సూత్రానికి ఒకటి. వాలు వెంబడి సమీకరణానికి పద్ధతి ఒకటి, ఖచ్చితత్వం ఒకటి. మూడింటినీ కలిపి బిగువు రాబట్టినందుకు ఒకటి. చివరి జవాబుకు ఒకటి. సైన్, కాస్ తారుమారు చేసిన పిల్లకు నాలుగు వస్తాయి. ఘర్షణ దిశ తప్పిన పిల్లవాడికి ఐదు. బరువు విడదీయని పిల్లవాడు లంబ దిశలో సరిగ్గా రాసి ఉంటే మూడు దగ్గర ఆగిపోతాడు. ఈ నాలుగు, ఐదు, మూడు అన్న అంకెలు వాళ్లకు ఏం తెలుసో, ఏం తెలియదో నిజంగా చెబుతున్నాయి.

ఈ పద్ధతి లేకపోతే ఏమవుతుందో చూపించిన పరిశోధన ఒకటి నూరేళ్ల కిందటే జరిగింది. అమెరికాలో డానియల్ స్టార్చ్, ఎడ్వర్డ్ ఎలియట్ అనే ఇద్దరు 1913లో ఒకే విద్యార్థి రాసిన ఒకే జ్యామితి పేపరు నకళ్లను వంద మందికి పైగా లెక్కల ఉపాధ్యాయులకు పంపి దిద్దమన్నారు. నూటికి వేసిన మార్కులు ముప్ఫైలోపు నుంచి తొంభై దాటేదాకా వచ్చాయి. అంతకుముందు ఇంగ్లీషు పరీక్ష పత్రాలతో ఇదే పని చేసినప్పుడు వచ్చిన తేడా కంటే లెక్కల్లో వచ్చిన తేడా ఎక్కువ. ఎందుకంటే ఒకరు జవాబు తప్పయితే మొత్తం కోశారు, మరొకరు పద్ధతికి వేశారు. ఒకరు శుభ్రతకు తగ్గించారు, మరొకరు పట్టించుకోలేదు. లెక్కలంటే ఒప్పో తప్పో తేలిపోయే విషయం, దిద్దడంలో అభిప్రాయ భేదాలుండవు అనుకుంటాం కదా? అది నిజం కాదని ఆనాడే తేలింది.

అందుకే వేల్యుయేషన్ కేంద్రంలో మొదటిరోజు జరిగే సమావేశం నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపిస్తుంది. చీఫ్ ఎగ్జామినర్, మిగతా పరీక్షకులు కూర్చొని మార్కింగ్ స్కీము చదువుతారు. ఈ ప్రశ్నను పిల్లలు ఎన్ని దారుల్లో చేయవచ్చు, ఏ దారికి ఎక్కడ మార్కు వేయాలి అని తేల్చుకుంటారు. పడవ లెక్కనే శక్తి పద్ధతిలో చేసిన పిల్ల ఉండవచ్చు. పడవ ఒక మీటరు కదిలితే తాడు చేసిన పని ఎంత, పెరిగిన స్థితిజశక్తి ఎంత, ఘర్షణకు పోయినదెంత అని రాస్తుంది. జవాబు అదే 764. స్కీములో ఆ దారి లేదని కోసేస్తే తప్పు ఆ పిల్లది కాదు. ఆ సమావేశాన్ని త్వరగా ముగించి కట్టలు విప్పుదామనే తొందర ఎక్కడైనా ఉంటుంది. ఆ తొందర పడకూడదు. అక్కడ గడిపే గంట వేల మంది పిల్లలకు న్యాయం చేస్తుంది.

మెకానిక్స్‌కూ మన ప్రాంతపు లెక్కల చదువుకూ ఉన్న సంబంధం పాతది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా బరంపురం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. 1856లో బడిగా మొదలైన మన ఖల్లికోట కళాశాలలో 1878లో కాలేజీ తరగతులు వచ్చాయి. మద్రాసు విశ్వవిద్యాలయం నీడలో నడిచిన చదువు అది. ఆ కాలంలో దేశమంతటా లెక్కల విద్యార్థులు ఎస్.ఎల్. లోనీ రాసిన స్టాటిక్స్, డైనమిక్స్ పుస్తకంలో కప్పీలు, నిచ్చెనలు, వాలు తలాలు నేర్చుకున్నారు. ఇవాళ ప్లస్ టూ స్థాయిలో ఆ విషయం భౌతికశాస్త్రానికి వెళ్లిపోయింది. లెక్కల పుస్తకంలో వెక్టర్లు, వేగాన్ని త్వరణాన్ని డెరివేటివ్‌లుగా చూడడం మిగిలాయి. అందువల్ల ఒకే పిల్ల ఒకే తప్పు లెక్కల పేపర్లో చేస్తే ఒకలా, ఫిజిక్స్ పేపర్లో చేస్తే మరోలా మార్కులు పోయే అవకాశం ఉంది. రెండు సబ్జెక్టుల మాస్టార్లూ ఒకచోట కూర్చొని మాట్లాడుకోవడం చాలా అవసరం.

ఇంకో మార్పు మరింత పెద్దది. ఐఐటీ ప్రవేశ పరీక్షలో 2005 దాకా ముఖ్య పరీక్ష రాసేటప్పుడు పిల్లలు లెక్క చేసి చూపించేవారు. 2006 నుంచి అది పూర్తిగా ఆబ్జెక్టివ్ అయింది. ఇప్పటి జేఈఈ మెయిన్‌లో ఒప్పు జవాబుకు 4 మార్కులు, తప్పయితే 1 మార్కు కోత. 2021 నుంచి ఆ పరీక్ష తెలుగు, ఒడియాలతో కలిపి 13 భాషల్లో జరుగుతోంది. అది మంచి మార్పు, మన సరిహద్దు పిల్లలకు మరీ మంచిది. అన్ని లక్షల మందికి పరీక్ష పెట్టాలంటే కంప్యూటరు దిద్దే పద్ధతి తప్పదని కూడా నాకు తెలుసు. కానీ పడవ లెక్కలో ఆ నలుగురు పిల్లలూ కంప్యూటరు ముందు ఒక్కటే. అందుకే బోర్డు పరీక్షను మనం మరింత జాగ్రత్తగా కాపాడుకోవాలి. మన పిల్లలు లెక్కలో ఎలా ఆలోచించారో ఒక మనిషి కూర్చొని చదివే పెద్ద పరీక్ష ఇప్పుడు అదొక్కటే మిగిలింది.

మనిషి చదువుతాడంటే మనిషి అలసిపోతాడు కూడా. ఎండాకాలం, పక్కన ఇంకా విప్పని కట్టలు, సాయంత్రానికి పూర్తిచేయాల్సిన లెక్క. పత్రంలో మార్కు సరిగ్గా వేసి, పై పేజీ మీదికి ఎక్కించేటప్పుడు తప్పు పడవచ్చు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చినప్పుడు ఏం జరిగిందో మనందరికీ గుర్తే. ఒక అమ్మాయికి తెలుగులో 99 మార్కులు వస్తే మెమోలో సున్నా పడింది. ఫెయిలైనవారందరి పత్రాలను ప్రభుత్వం మళ్లీ ఉచితంగా సరిచూపిస్తే వెయ్యి మందికి పైగా పాసయ్యారు. ఈ లోపల ఎందరో పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఆ తల్లిదండ్రులకు ఏ రీవెరిఫికేషనూ బదులు చెప్పలేదు. దిద్దే బల్ల దగ్గర కూర్చున్న ప్రతి ఒక్కరూ, మార్కులు కూడే స్క్రూటినైజరూ, అంకెలు ఎక్కించే ఉద్యోగీ ఆ ఏడాదిని మరిచిపోకూడదు. మొత్తాన్ని రెండోసారి కూడడం చాదస్తం కాదు. అది మన పనిలో సగం.

పత్రం చదవడం గురించి ఒక చిన్న సంగతి. పిల్లలు పెన్నుతో రాస్తారు కాబట్టి తుడపలేరు, కొట్టేస్తారు. ఒక్కోసారి బొమ్మలో ఘర్షణ బాణం ముందు పైకి గీసి, దాన్ని అడ్డంగా కొట్టేసి, కిందికి మళ్లీ గీసిన గుర్తు కనబడుతుంది. ఆ గీత దగ్గర పిల్లవాడు ఆగాడు. పడవ ఎటు కదులుతోంది అని తనను తానే అడిగాడు. సరిదిద్దుకున్నాడు. చదువంటే అదే కదా? ఆ కొట్టివేతను అశుభ్రంగా చూసి మార్కు తగ్గించేవారు కొందరుంటారు. నేనైతే ఆ పిల్లవాడి భుజం తట్టాలనుకుంటాను. బ్రిటిష్ నియమాల్లో ఇంకో మెట్టు కూడా ఉంది. కొట్టేసిన దాని బదులు పిల్లవాడు మరేదీ రాయకపోతే, ఆ కొట్టేసినదాన్నే చదివి మార్కులు వేయాలి. మన కేంద్రాల్లోనూ ఈ నియమం రాతపూర్వకంగా ఉంటే బాగుంటుంది.

ఇక పిల్లలతో రెండు మాటలు. బాబూ, అమ్మా, మెకానిక్స్ ప్రశ్న చూడగానే సూత్రం వెతకకండి. బొమ్మ గీయండి, పెద్దగా గీయండి. ప్రతి బాణానికీ పేరు పెట్టండి. ఏ దిశను ధనంగా తీసుకున్నారో రాయండి. ఏ దిశలో సమీకరణం రాస్తున్నారో ఒక ముక్కలో చెప్పండి. అంకెలు వేసే ముందు సమీకరణాన్ని అక్షరాలతో రాయండి. అప్పుడు గుణకారం తప్పినా మీ ఆలోచన దిద్దేవారి కళ్లముందు ఉంటుంది. మధ్యలో ఒక పంక్తి మింగేసి జవాబు తప్పితే మార్కు వేయాలని ఎంత ఉన్నా దిద్దేవారు వేయలేరు, చూపించడానికి ఏమీ ఉండదు కాబట్టి.

జవాబు వచ్చాక ఒక్క నిమిషం దాన్ని గోపాల్‌పూర్ ఒడ్డుకు తీసుకెళ్లి చూడండి. బిగువు 1,514 వచ్చిందా? నిలువునా ఎత్తడానికే 1,470 చాలు కదా, కాస్త వాలు మీద లాగడానికి అంతకంటే ఎక్కువ ఎందుకు కావాలి? ఇంత గరుకు తక్కువ ఇసుక మీద అలా రాకూడదు. సైన్, కాస్ సరిచూసుకోవాలి. 58.8 వచ్చిందా? అది ఆరు కిలోల బరువు. 150 కిలోల పడవను ఒక చేత్తో ఒడ్డెక్కించవచ్చంటే అక్కడి మత్స్యకారులు ఒప్పుకుంటారా? నిజానికి 58.8 వేరే ప్రశ్నకు సరైన జవాబు. అదే పడవను ఒకే వేగంతో నీళ్లలోకి దించేటప్పుడు తాడును అంత బలంతో పట్టుకోవాలి. అప్పుడు ఘర్షణ మనకు సాయం చేస్తుంది, కాబట్టి బాణం పైకి ఉంటుంది. ఒక తప్పు జవాబు ఇంత చెప్పగలిగినప్పుడు, దాన్ని చూసి భయపడనక్కర్లేదు.

తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లవాడు పరీక్ష రాసి రాగానే ఎన్ని జవాబులు కలిశాయని అడగకండి. జవాబు కలవకపోయినా ఏడింట ఐదు వచ్చే లెక్క ఉండవచ్చని ఇప్పుడు మీకు తెలుసు. ఫలితాలు వచ్చాక అనుమానముంటే రీకౌంటింగ్, రీవెరిఫికేషన్ కోసం అడగడం మీ హక్కు. గడువు తేదీలు చూసుకొని వెంటనే అడగండి. అంతవరకూ పిల్లలను ఒంటరిగా వదలకండి.

ఆఖరుగా నా తోటి ఉపాధ్యాయులకు. సీబీఎస్‌ఈ తన నమూనా పేపర్లతో పాటు మార్కింగ్ స్కీములను కూడా అందరికీ అందుబాటులో పెడుతోంది. మన కాలేజీల్లో ప్రీబోర్డు పరీక్ష అయ్యాక ఒక్క పీరియడు కేటాయించి అలాంటి స్కీము ఒకటి పిల్లల చేతికివ్వండి. పేర్లు కనబడకుండా పత్రాలు మార్చి, ఒకరి మెకానిక్స్ లెక్క మరొకరితో దిద్దించండి. ఎక్కడ మార్కు వేశావు, ఎందుకు వేశావు అని అడగండి. ఇంకొకరి బొమ్మలో లేని బాణాన్ని వెతికి పట్టుకున్న పిల్ల తన బొమ్మలో దాన్ని విడిచిపెట్టదు. మనం దిద్దే పద్ధతిని పిల్లలతో పంచుకుంటే అదే ఒక పాఠమవుతుంది. ఈ ఏడాదే మొదలుపెడదాం.